దుబాసీ కడిగిన మాటలు

ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషికి కూర్చునే ఉద్యోగమే ఇవ్వడం దొరతనంవారికే చెల్లింది. నేను దుబాసీని. కోర్టులో గానీ ఆసుపత్రిలో గానీ తెలుగు తప్ప మరోటి సరిగ్గా రానివాడు నోరు తెరిస్తే, పక్కనే ఒక కుర్చీ వేసి నన్ను అందులో పడేసేవారు. నా కాళ్ళు మాత్రం బల్ల కింద వాటి దారిన అవి నడుస్తూనే ఉండేవి. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడని పెద్దలు చెప్పిన అర్థం. రెండు వైపులా బాస చేసి ఏ వైపూ నిలబెట్టుకోనివాడన్నది నేను సంపాదించుకున్న అర్థం. అదెలా సంపాదించానో చెబుతాను. చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ ఉండదు.

ఐరోపాలో యుద్ధం మొదలవడానికి ఇంకా కొన్నేళ్ళుంది. చెరకు తోటల పనికి మనవాళ్ళని ఓడల్లో తెచ్చిన మా దీవిలో, మతి చెదిరినవాళ్ళని ఉంచే ఆసుపత్రికి పారిస్‌లో చదువుకున్న కొత్త డాక్టరు వచ్చాడు. పాత డాక్టరు రోగిని చూసి రాసేవాడు. ఈయన రోగి చెప్పింది విని రాసేవాడు. అందుకని పాతాయనకి అక్కర్లేని నేను ఈయనకి కావలసివచ్చాను. ప్రతి గురువారం పొద్దున్నే మేముండే మోకా నుంచి బయల్దేరి రైలెక్కి వెళ్ళేవాణ్ణి.

ఆ గురువారాలన్నీ ఒకే ఒక్క రోగి కోసం. రోగి అనాలో, నేరస్థుడు అనాలో అప్పట్లో డాక్టరుకి గానీ, నాకు గానీ, అతనికి గానీ స్పష్టంగా తెలియదు. లాల్మతీ దగ్గర ఒక చెరకు ఎస్టేటులో కలుపు తీసే ఒకావిడని, పగటిపూట, చెరకు వరసల మధ్య అతను బలవంతం చేశాడు. నేరం రుజువైంది. అయితే విచారణ జరుగుతున్నంతసేపూ అతను బోనులో నిలబడి నవ్వుకోవడం, కూనిరాగాలు తీయడం చూసి, వీడి మతి సంగతి తేల్చమని మెజిస్ట్రేటు ఆసుపత్రికి పంపాడు. పిచ్చి లేదు, కానీ బాగుచేయదగ్గ లోపం ఏదో ఉందని డాక్టరు తేల్చాడు. శిక్షాకాలం ఆసుపత్రిలోనే గడపాలి, తగ్గిందని డాక్టరు కాగితం రాసిన రోజున తిరిగి ఎస్టేటు పనికి వెళ్ళవచ్చు. ఇదీ ఏర్పాటు.

అతనికి నలభై ఏళ్ళుంటాయి. పొడగరి. తలకి నూనె రాసుకుని, నున్నగా దువ్వుకుని వచ్చేవాడు. ఎస్టేటులో భజనకి అతనే ముందుపాట పాడేవాడట. దీవిలో అందరూ మాట్లాడుకునే క్రియోల్, పొలంపనికి సరిపడేంత వచ్చు. నరుకు, మొయ్యి, రేపు రా అంటే అర్థమవుతుంది. కానీ మనిషి తన తప్పు గురించి తను కలలు కనే భాషలోనే మాట్లాడాలని డాక్టరు పట్టుదల. ఒకే ప్రశ్నలు, ఒకే వరసలో, ప్రతి గురువారం అడిగేవాడు. వారాలు గడిచేకొద్దీ జవాబు ఎలా మారుతుందో చూస్తే మనిషి ఎంత మారాడో తెలుస్తుందని ఆయన పద్ధతి. నేను ఆ పద్ధతికి మధ్యలో ఉన్న గాజు పలకని. గాజు శుభ్రంగా ఉండాలనుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కంతా.

మొదటి గురువారం డాక్టరు ఫ్రెంచిలో సూటిగా అడిగాడు. "నువ్వు ఆమెని బలవంతం చేశావు. ఆమె వద్దంది. ఆ మాట నీకు వినిపించిందా?"

ఆ వాక్యాన్ని తెలుగులో, ఒక పెద్దమనిషి ఎదురుగా, నా నోటితో అనడం నావల్ల కాలేదు. మా ఇంట్లో అలాంటి సంగతి వస్తే మా అమ్మ పళ్ళెం ఎత్తి వంటింట్లోకి వెళ్ళిపోయేది. నేను ఇలా అన్నాను.

"ఆ రోజు పొలంలో జరిగిన సంగతి గురించి డాక్టరుగారు అడుగుతున్నారయ్యా."

అతను నా వైపు తిరిగి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. "అదా బావా!" అన్నాడు. ఏ వరసన నేనతనికి బావనయ్యానో ఈనాటికీ తెలియదు. తరవాత అతను అన్నది విని నా చెవులు కాలిపోయాయి. ఆవిడ ఒంటి గురించి, ఆవిడ అరుపు గురించి, తన మగతనం గురించి. సిగ్గు ఎక్కడా లేదు. చేపలబుట్ట ముందు కూర్చుని ధర చెప్పినంత తేలికగా చెప్పాడు.

డాక్టరు కలం పట్టుకుని నా ముఖం వైపు చూస్తున్నాడు.

నాకు ఒక్కసారిగా రెండు భయాలు పట్టుకున్నాయి. మొదటిది, ఈ మాటలు అతనివే అయినా పలికే నోరు నాది. వినేవాడి చెవికి ఆ తేడా ఎంతసేపు నిలుస్తుంది? రెండోది ఇంకా పెద్దది. మమ్మల్ని ఈ దీవిలో కొరింగీలంటారు, మా తాతలు ఓడెక్కిన రేవు పేరు పెట్టి. ఇవన్నీ విన్నాక డాక్టరు ఇంటికెళ్ళి భోజనాల బల్ల దగ్గర ఏమంటాడు? కొరింగీలంతా ఇంతే అనడూ?

"ఆనాటి సంగతి తలుచుకోవడం తనకి చాలా బరువుగా ఉందంటున్నాడు" అన్నాను ఫ్రెంచిలో.

డాక్టరు మెల్లగా తలూపి రాసుకున్నాడు. తల ఊపడం ఆయన అలవాటు. రోగికి ధైర్యం కలగడానికట.

అలా మొదలైంది. ఆ తరవాత ప్రతి గురువారం అతను మురికి మాటలు విసిరేవాడు, నేను వాటిని ఉతికి, ఆరేసి, మడతపెట్టి డాక్టరుకి అందించేవాణ్ణి. "దానికి బుద్ధొచ్చినాది" అంటే "ఆమెకి జరిగిన దానికి బాధపడుతున్నాడు" అనేవాణ్ణి. అనువాదం అంటారు దీన్ని. నాది 'అనను' వాదం. అబద్ధం చెబుతున్నానని అనుకోలేదు సుమా. ఎవరింటికైనా వెళితే చెప్పులు గుమ్మం బయట విడుస్తాం కదా, అలాంటి మర్యాదే ఇదీ అనుకున్నాను.

వైద్యం మాత్రం సక్రమంగా సాగింది. రోజుకి రెండుసార్లు ఉప్పగా ఉండే మందు తాగించేవారు. అది పనిచేస్తే మనిషి మందగిస్తాడు, అంతవరకు దాని పేరుకి న్యాయం జరిగింది. పొద్దున చన్నీళ్ళ స్నానం, పగలు తోటపని. అతని చేతిలో ఆనపపాదు బ్రహ్మాండంగా కాసింది. సాయంత్రం కూర్చుని కీర్తనలు పాడితే, తమ పేరే మరిచిపోయిన రోగులు కూడా చుట్టూ చేరి తాళం వేసేవారు. డాక్టరు కిటికీ దగ్గర నిలబడి వినేవాడు. "ఈ పాటలో ఏముంది?" అని అడిగితే, ఆ ఒక్కటి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. దేవుడా, నేను పాపిని, దయ చూడు అని ఉందన్నాను. పాటలో నిజంగా అదే ఉంది మరి. పాడేవాడిలో ఏముందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

నాలుగు నెలలు గడిచాయి. వచ్చే గురువారంతో ప్రశ్నలు ముగించి విడుదల కాగితం రాస్తానని డాక్టరు చెప్పాడు.

ఆ మధ్య వచ్చిన ఆదివారం నేను ఎప్పటిలాగే లాల్మతీ వెళ్ళాను. ఆదివారాల్లో అక్కడి పాకలో మనవాళ్ళ పిల్లలకి అక్షరాలు దిద్దించేవాణ్ణి. దాంతో ఆ చుట్టుపక్కల నేను దుబాసీని కాను, మేష్టర్ని. పాఠం అయ్యీ అవగానే భజన పెద్ద, ఒక ముసలాయన, తాళాలు తుడుచుకుంటూ నన్ను పట్టుకున్నాడు.

"ఆడు నేక మా భజన మూగబోయినాది మేష్ట్రుబాబూ. నవమికైనా ఒదుల్తారేటి?"

"నా చేతుల్లో ఏముంది తాతా? డాక్టరు చేతిలో ఉంది."

"దొక్తేరు సేతిలో నేదు, నీ నోట్లో ఉన్నాది. ఒక మంచిమాట ఏసీ బాబూ, పున్నెముంటాది."

"వేస్తూనే ఉన్నాను" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, ఆ మాట గొంతు దాటాక ఎందుకో ఒకచోట నిలబడలేకపోయాను. పాక చుట్టూ ఊరికే రెండుసార్లు తిరిగాను.

మూడోసారి తిరిగేటప్పుడు ఆవిడ ఎదురొచ్చింది.

ఎవరో నాకు తెలుసు. కూలీల గదులు వరసగా ఉండే ఎస్టేటు కాంపులో ఆవిడ భర్త జ్వరంతో పోయిన సంగతి కూడా తెలుసు. మనిషితో మాత్రం ఎప్పుడూ మాట్లాడలేదు. కొంగు తల మీదికి లాక్కుని, నాకు నాలుగడుగుల దూరంలో ఆగింది.

"అన్నా, ఒక మాటడగాల."

"అడగమ్మా."

"ఆడన్న మాట దొక్తేరుకి నువ్వే సెప్తావంట గదా. నా గురించి ఆడేటంతన్నాడు?"

"పశ్చాత్తాపపడుతున్నాడమ్మా."

"అంటే?"

"అంటే, తప్పు చేశానని బాధపడుతున్నాడు."

"ఆ మాట ఆడి నోటితోటి అన్నాడా?"

"అదే మాట కాదులే. ఆ అర్థం వచ్చేలాగ."

"అర్తం నాకొద్దన్నా. ఆడేటన్నాడో అది సెప్పు."

నోరు తెరిచాను. మొదటి గురువారం నుంచి అతనన్న మాటలన్నీ నాలిక మీదికి వచ్చి వరసగా నిలబడ్డాయి. ఒక్కటీ బయటికి రాదు. ఆవిడ నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"సెప్పలేవా?"

"ఆడకూతురి ముందు అనే మాటలు కావమ్మా అవి."

"మరి దొక్తేరు ముందు అన్నావా?"

ఆ ఊరి ఎర్రమట్టి మొత్తం నా ముఖానికి పూసినట్టయి ఉంటుంది. ఆవిడకి జవాబు అందులోనే దొరికింది.

"సూడన్నా" అంది, గొంతు ఏమీ పెంచకుండా. "ఆడొస్తే మల్లీ ఆడి గదికే ఒస్తాడు. నా గదికీ దానికీ మద్దిన ఎనిమిది తలుపులు. నానెక్కడికని పోతాను? ఎనక మడి నా సేతుల్తో తవ్వుకున్నాను. ఆడు బాగైపోతే రానీ, నానేటీ అనను. బాగైనాడా నేదా, అది నాకు తెలాల. అది సెప్పీవోడివి నువ్వొక్కడివే."

అని వెళ్ళిపోయింది. నేను బండి కోసం కూడా ఆగలేదు. మైలున్నర దూరం నడిచాక గుర్తొచ్చింది, గొడుగు పాకలోనే మరిచిపోయానని.

ఇంట్లో ఆ సాయంత్రం నేను తిరుగుతుంటే మా ఆవిడ బియ్యం చేట పట్టుకుని కూర్చుని చూసింది, చూసింది.

"ఏవండీ, ఆ గడప ఇవాళే అరగ్గొట్టాలా?" అంది చివరికి.

చెప్పాను. అతనన్న మాటలు చెప్పలేదు, నేను అనని సంగతి చెప్పాను. బియ్యంలో రాయి ఏరుతున్న ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"అయితే నాలుగు నెలలు వాడికి మర్యాదలు చేసొచ్చారన్నమాట."

"వాడికేమిటి, మన పరువు..."

"మన పరువు సరేనండీ. ఆవిడ ఎక్కడ పడుకుంటుంది?"

నేను మళ్ళీ గడప దాటాను, మళ్ళీ వచ్చాను. ఆమె రాళ్ళేరుకుంటూనే ఉంది.

గురువారం దాకా ఆగలేకపోయాను. సోమవారం పొద్దున్నే రైలెక్కాను. పెట్టెలో కూర్చోవడానికి చోటుంది, అయినా నిలబడే వెళ్ళాను. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. నిజం చెప్పాలంటే అది రెండో భయం. మొదటిది ఆ మాటలు ఫ్రెంచిలో పలకాలన్న భయం. దారి పొడుగునా పెదవులు కదుపుతూ ఒక్కొక్క మాటకీ ఫ్రెంచి వెతుక్కున్నాను. కొన్నింటికి నాకు ఫ్రెంచి రాదని తెలిసి కాస్త ఊరట కలిగింది. అలాంటి వాటికి ఊరట పొందే మనిషి దుబాసీ ఎలా అయ్యాడో ఆ దేవుడికే తెలియాలి.

డాక్టరు తన గదిలో ఉన్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయి, అంతలోనే సంతోషించి, బల్ల మీది కాగితం చూపించాడు. విడుదల సిఫార్సు అప్పుడే చిత్తుగా రాసుకుంటున్నాడట. ఒక వాక్యం చదివి వినిపించాడు కూడా. "ఈ మనిషి తన తప్పు గురించి మాట్లాడే తీరులో, చదువులేని కూలివాడిలో అరుదుగా కనిపించే సంస్కారం, భాషలో సున్నితత్వం ఉన్నాయి."

నా ఫ్రెంచికి జీవితం మొత్తంలో దొరికిన మెచ్చుకోలు అదొక్కటే. అది కూడా ఇంకొకడి పేరు మీద.

"అవి అతని మాటలు కావండీ" అన్నాను.

"అర్థం కాలేదు."

"సంస్కారం నాది. అతనన్నవి వేరు."

చెప్పడం మొదలుపెట్టాను. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. మొదటి గురువారం అతనన్నది ఏమిటో, నేనన్నది ఏమిటో, ఒకదాని పక్కన ఒకటి పెట్టాను. నా ఫ్రెంచి చాలనిచోట క్రియోల్ మాట వాడాను. సంతలో తిట్లు వినని మనిషి కాదు కదా ఆయన. చెబుతున్నంతసేపూ ఆయన కలం ముట్టుకోలేదు. చివరికి సిరాబుడ్డికి మూత పెట్టాడు. అది తెరిచే పెట్టి ఉందని అప్పుడు చూశాను.

"అయితే నాలుగు నెలలుగా నేనెవరికి వైద్యం చేశాను?"

"నాకేననుకుంటానండీ."

నవ్వలేదాయన. నవ్వించాలని అనలేదు నేను కూడా, నోటికి వచ్చేసింది, అంతే. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద తోటలో రోగులు గుంట తవ్వుతున్నారు.

"మరి నా ప్రశ్నలు?" అన్నాడు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి. "నా ప్రశ్నలు అతనికి ఎలా చెప్పారు?"

ఆ సంగతి నేను ఆ క్షణం దాకా ఆలోచించలేదంటే ఎవరు నమ్ముతారు?

"అవి కూడా కొంచెం మెత్తగా..."

"ఆమె వద్దంది, ఆ మాట నీకు వినిపించిందా. ఈ ప్రశ్న అతనికి ఎప్పుడైనా చేరిందా?"

"లేదండీ. పొలంలో జరిగిన సంగతి అన్నాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. మమ్మల్నిద్దర్నీ చూస్తే ఆ నిమిషంలో ఎవరు రోగో చెప్పడం కష్టమయ్యేది. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తాడనుకున్నాను. తీసేయలేదు. మంచితనం వల్ల కాదు. "మరో దుబాసీని పిలిపించగలను, ఆయన కూడా మీ ఇంట్లాంటి ఇంట్లోనే పెరిగి ఉంటాడు" అన్నాడు. తరవాత కొత్త నియమాలు పెట్టాడు. మాటకి మాట చెప్పాలి. "అతను అంటున్నాడు" అనకూడదు. అతను నేను అంటే నేనూ 'నేను' అనాలి. వాక్యం నచ్చకపోయినా, సగంలో ఆపకూడదు.

"నేను అనాలా?" అన్నాను. "నేను ఆమెని, అనా?"

"అలాగే" అన్నాడు డాక్టరు. "ఎలా ఉంటుందో మీకూ తెలుస్తుంది."

గురువారం వచ్చింది. అతను ఎప్పటిలాగే తల దువ్వుకుని వచ్చాడు. ఇదే ఆఖరి గురువారమని ఎవరో చెప్పినట్టున్నారు, ఆనపకాయ ఒకటి కోసి డాక్టరుకి తెచ్చాడు. డాక్టరు దాన్ని అందుకుని పక్కన పెట్టి, మొదటి ప్రశ్న అడిగాడు. నేను కళ్ళు బల్ల మీద పెట్టుకుని, ఉన్నదున్నట్టు, పచ్చి తెలుగులో అన్నాను.

"నువ్వు ఆమెని బలవంతం చేశావు. ఆమె వద్దంది. ఆ మాట నీకు వినిపించిందా?"

గదిలో ఎవరూ కదలలేదు. నా కాళ్ళు కూడా.

"బావా" అన్నాడతను మెల్లగా. "ఇదేటిది? ఈ ముక్క నువ్వేసినావా, దొర అడిగినాడా?"

"డాక్టరే అడిగాడు. మొదటి రోజు నుంచీ ఇదే అడుగుతున్నాడు. నేనే నీకు చెప్పలేదు."

ఆ మాటని కూడా డాక్టరుకి చెప్పాను, నియమం కదా. అతని ముఖంలో నవ్వు పోలేదు, అయితే అక్కడ ఏం చేయాలో దానికి తెలియనట్టు ఉండిపోయింది.

"మరి నాను సెప్పినప్పుడల్లా తలూపీవోడు గదా! నాను సెప్పింది నిజిమేనని గదా తలూపినాడు? మగోడికి మగోడు తెల్దేటి అనుకున్నాను!"

దాన్ని కూడా మాటకి మాట ఫ్రెంచిలో పెట్టాను. డాక్టరు ముఖం తెల్లబోయింది, ఉన్న తెలుపు చాలదన్నట్టు. నాలుగు నెలలుగా ఆయన పశ్చాత్తాపానికి తల ఊపుతుంటే, ఇతను తన గొప్పకి ఊపుతున్నాడనుకున్నాడు. ప్రతి గురువారం ఒక చదువుకున్న దొర, నువ్వు చేసింది బాగానే ఉందిరా అని చెప్పి పంపినట్టే అయింది. మేము అతనికి చేసిన వైద్యం అది. చేయించింది నేను.

డాక్టరు ప్రశ్నని మళ్ళీ అడిగాడు.

"ఇనిపించినాది" అన్నాడతను. ఈసారి బావా అనలేదు. "ఇనిపిస్తే ఏటి? అడిగి తీసుకోడానికి నానేటి బిచ్చగాడినా?" ఆ తరవాత ఆవిడని గురించి ఇంకో రెండు మాటలన్నాడు. అవి ఇక్కడ రాయడం లేదు. పాత జబ్బే అంటారేమో, అననీండి. ఆ గదిలో మాత్రం అన్నాను. నేను, నాకు, నాది అంటూ చివరిదాకా అన్నాను.

డాక్టరు తల ఊపలేదు. అతను ఆ తల వైపే చూస్తూ ఎదురుచూశాడు. అది కదలలేదు.

"తరవాత ఆమె ఏం చేసింది?" అని అడిగాడు డాక్టరు. ఇది పాత ప్రశ్నల వరసలో లేదు.

అతను నూనె రాసిన తల మీద చెయ్యి వేసుకుని, తీసి, ఆ చేతిని చూసుకున్నాడు.

"తెల్దు."

"చూడలేదా?"

"సూడనేదు."

డాక్టరు అప్పుడు కలం తీసి ఆ ఒక్క మాట రాసుకున్నాడు. గురువారాలన్నిటిలో ఆయనకి అతని నుంచి గొప్పలు లేకుండా అందిన జవాబు అదే అనుకుంటాను. అతన్ని తీసుకెళ్ళాక, చిత్తు కాగితాన్ని మధ్యకి మడిచి సొరుగులో వేశాడు. అతన్ని ఇంకో ఏడాది ఉంచుకుంటానని మెజిస్ట్రేటుకి రాస్తానన్నాడు. ఎప్పటికి వదిలినా ఆ ఎస్టేటుకి మాత్రం పంపవద్దని, వదిలేముందు ఆవిడకి కబురు చెయ్యాలని కూడా అందులో చేర్చమని నేనడిగాను. దుబాసీ అడగదగ్గ మాట కాదది. ఆయన చేర్చాడు.

"బాగవుతాడాండీ?" అన్నాను.

"రోగం ఇవాళే చూశాను. మందు సంగతి నన్నడగకండి."

ఆదివారం లాల్మతీ వెళ్ళాను. కబురు నాకన్నా ముందే చేరింది. భజన పెద్ద నన్ను చూసి తాళాలు కింద పెట్టేశాడు.

"మంచిమాట ఏస్తాననుకుంటే ఆడి కొంప తీసీనావు మేష్ట్రుబాబూ. నవమికి నువ్వు పాడు మరి!"

"పాడతాను తాతా. మీరు భరించగలిగితే."

"సాల్లే! దేవుడు పారిపోతాడు" అని అటు తిరిగి కూర్చున్నాడు. నా గొంతు గురించి ఆయన అన్నది నిజం. నవమికి నిజంగానే ముందుపాట పాడేవాడు లేక, అందరూ కలిసి వెనకపాటే పాడుకున్నారని తరవాత విన్నాను.

ఆవిడ కాంపు బాట పక్కన గడ్డి కోస్తూ కనిపించింది. ఎండ బాగా ఉంది, అటూ ఇటూ మనుషులు నడుస్తున్నారు. దగ్గరికి వెళ్ళి, ఏడాది అని చెప్పాను. ఆ తరవాత కూడా ఇక్కడికి పంపరని, ముందుగా కబురు చేస్తారని చెప్పాను. ఆవిడ కొడవలి పక్కన పెట్టి విన్నది. సంతోషిస్తుందనుకున్నానేమో, తెలియదు. సంతోషించలేదు.

"ఆడేటన్నాడు?" అంది.

ఈసారి చెప్పాను. అటూ ఇటూ చూశాను, గొంతు తగ్గించాను, అయినా చెప్పాను. వినిపించిందన్నాడని, బిచ్చగాడినా అన్నాడని, ఇక్కడ రాయని ఆ రెండు మాటలు కూడా. చెబుతున్నంతసేపూ ఆవిడ నా ముఖంలోంచి చూపు తిప్పలేదు. నేనే తిప్పుకున్నాను.

"అవే" అంది చివరికి. "ఆ దినం కూడా అవే మాటలన్నాడు. కోరుటులో దొర, ఆడేటన్నాడని అడిగితే, సెడ్డమాటన్నాడని ఊరుకున్నాను. అందరి ముందరా నాకు నోరు రానేదు. ఎవులూ రెండోసారి అడగనేదు."

కాలు మార్చి కాలు మీద నిలబడ్డాను.

"ఏడాదైనాక మల్లీ అడుగుతారా ఆడ్ని?"

"అడుగుతారు."

"నువ్వే ఉంటావా?"

"ఉంటానమ్మా. తీసేయకపోతే."

"అయితే అప్పుడూ ఒచ్చి నాకు సెప్పు. మంచిమాటైనా సరే, ఇవేయైనా సరే."

సరేనన్నాను. ఆవిడ వంగి గడ్డిమోపు ఎత్తుకోబోతే సాయం పట్టబోయాను. అక్కర్లేదని, తనే తల మీదికి ఎత్తుకుని కాంపు వైపు నడిచింది.